మూడు నోళ్ల మీదుగా

గుణుపురం నుంచి రెండు గంటలు మోసిన జీపు
వాగు దగ్గర దిగి నడవమంది.
మందుల పెట్టెలు నెత్తిన పెట్టుకుని సండేస్కూలు పిల్లలు ముందు,
ఎండకి కమిలిన తొమ్మిదిమంది దొరలు వెనక,
నడుమ నేను, చెప్పులు చేతబట్టుకుని,
జీతం లేని దుబాసీని.

బడి గదిలో మూడు కుర్చీలు.
ఒకదాంట్లో డాక్టర్ ఇంగ్రిడ్,
సెలవంతా మాకిచ్చి సముద్రాలు దాటొచ్చిన మనిషి.
ఒకదాంట్లో నేను.
ఒకదాంట్లో ఇశ్రాయేలు రైతా, పదో తరగతి తప్పినవాడు.
వాడి సవర వాళ్లమ్మది,
తెలుగు పర్లాకిమిడి సంతది.
నాలుగో కుర్చీ లేదు.
నొప్పి నేలమీదే కూచుంది.

ఆమె ఇంగ్లీషు నా దగ్గర తెలుగయ్యేది,
నా తెలుగు వాడి నోట సవరయ్యేది.
జవాబు ఎదురెక్కి వచ్చేటప్పుడు మాత్రం
గట్టు దిగే గుంట నెత్తిమీది బిందెలా
కొంత ఒలికిపోయేది.

గజ్జికి పూత, దగ్గుకి సీసా,
ఒక అట్టపెట్టె నిండా ఎవరెవరివో పాత కళ్లజోళ్లు.
పిల్లికళ్ల ఆకారం జోడొకటి పెట్టుకుని
బుధియా తాత నావైపు తేరిపారా చూశాడు.
ఏదో అన్నాడు.
ఇశ్రాయేలు చెప్పడానికి సిగ్గుపడ్డాడు.
"మీకూ వయసైపోయిందంటండి."

మధ్యాహ్నం సొంబారి వచ్చింది.
చాలాసేపు మాట్లాడింది.
చేతులతో కొండ గీసింది, వాన గీసింది,
ఏదో ఎత్తుకున్నట్టు రెండు చేతులూ చాచి
అలాగే ఉంచేసింది.
ఇశ్రాయేలు గచ్చు వైపు చూస్తూ
"నడుం నొప్పంటండి" అన్నాడు.
అంతేనా?
"అంతే కాదండి. మిగతాది తెలుగులో రాదు."

ఎన్నాళ్లుగా అని డాక్టరమ్మ అడిగింది.
కొండ జారిన రాత్రి నుంచి అని వాడన్నాడు.
నేను వేళ్లు మడిచి ఏడేళ్లన్నాను.
ఆమె కాగితం మీద ఏడు వేసింది.
ఆ ఏడు కింద ఒక ఇల్లు,
రెండు మేకలు, నెలలు నిండిన కోడలు
ఉన్నారని సాయంత్రం గానీ నాకు తెలీలేదు.

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక.
మాట మూడు నోళ్లూ దాటి చేరింది.
ముసలమ్మ పొట్లం తిప్పి తిప్పి చూసి
ఒక్క ముక్క అడిగింది.
"అన్నం లేని పూటో?"

ఆ ముక్క నా దగ్గరే ఆగిపోయింది.
బయట ఇంకా నూట నలభైమంది,
ఎదురుగా ఆమె చిరునవ్వు.
"థాంక్స్ చెబుతోంది" అన్నాను.
ఇరవై రెండేళ్లు పలకల మీద
అబద్ధమాడరాదు అని దిద్దించిన చేత్తోనే
పొట్లం మీద సూర్యుణ్ని గీశాను, చంద్రుణ్ని గీశాను.
కంచం గీయలేదు.

రాత్రి ప్రార్థన అయ్యాక లాంతరు దగ్గర
డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది:
"అంత భయంగా చూస్తూ థాంక్స్ ఏ భాషలో చెబుతారు?"
చెప్పాను.
ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా పాటెత్తుకుంటుందని.
తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుని
"అయితే ఆ పూట మాత్ర వేసుకోవద్దను,
కడుపు కాలిపోతుంది" అంది.
"ఇప్పుడే."

ఇశ్రాయేలు టార్చితో కొండెక్కాడు.
వెలుగు మలుపు మలుపుకీ పోయి, వచ్చి, పోయి,
చాలాసేపటికి కిందికి దిగింది.
"ఏమందిరా?"

"నవ్విందండి.
అయితే ఈ పొట్లం
సాన్నాళ్లొస్తాదిలే అందండి."