బుడితి పక్షి

పేకార్డు బండి ముక్కు మీద పక్షి పోయింది.
రెక్కలొచ్చి పోలేదు,
టెక్కలి సంత దగ్గర ఆపితే
ఎవడో పానా పెట్టి ఊడదీసుకుపోయాడు.

డ్రైవరు కూర్మయ్య రెండు పూటలు అన్నం ముట్టలేదు.
నరసన్నపేట మిల్లు షావుకారు కామయ్య
గుమాస్తా చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించాడు
డెట్రాయిట్ పట్నానికి:
మా బండికి పక్షి ఒకటి పంపించవలెను,
వెల ఎంతైనా సరే.

ఏడాదికి తిరిగొచ్చింది ఉత్తరం.
నాలుగు ముద్రలు, ఒక అడ్డగీత.
ఆ చిరునామాలో కంపెనీ లేదన్నాడు పోస్టుమాను.

కూర్మయ్య నమ్మలేదు.
"ఇంత బండిని కన్నోళ్ళు నేకుండా పోతారేటి?
జమీందార్లు పోనారంటే పోనారు,
ఇనుము పోద్దేటి?"

అలా వచ్చింది ఆ బండి బుడితికి,
మా అయ్య గున్నయ్య కొలిమి ముందుకి.
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
బంపరులో నా మొహం
అయ్య తోమిన చెంబులో కన్నా పొడుగ్గా కనబడింది.
కూర్మయ్య తలుపు వేసి చూపించాడు.
నిండు కాగు మీద మూత దించినట్టు
ఒక మెత్తటి మాట, అంతే.
అలా మూసుకునే తలుపు
మా ఊళ్ళో ఏ ఇంటికీ లేదు.

"ఏ పిట్ట?" అన్నాడు అయ్య.
"అంస" అన్నాడు కూర్మయ్య.
"కాదు, నీటికాకి. పుస్తకంలో ఉంది" అన్నాడు గుమాస్తా.
ఇంకో పుస్తకంలో గూడబాతు అని ఉందట.
చేసినవాళ్ళకే తేలలేదన్నమాట.

హంసను అయ్య ఎరగడు.
సైకిలెక్కి తేలినీలాపురం పోయి
చింతచెట్ల కింద ఒక పూటంతా తలెత్తి కూచుని
ఏటేటా ఎక్కడినుంచో దిగే గూడబాతుల్ని చూసి
భుజమ్మీద రెట్టతో తిరిగొచ్చాడు.

తేనెమైనంలో గుగ్గిలం కలిపి పిసికాడు.
మెడ వంచాడు. సంచీ ముక్కు దించాడు.
చెరువుమట్టి పూసి ఆరబెట్టి
మైనం కారిపోయిన ఖాళీలో ఇత్తడి పోశాడు.
కూలి ఏడు రూపాయలు.
కూర్మయ్య ఇంకో అర్ధ కలిపి ఇచ్చాడు.

ఆ పక్షిని ముందు పెట్టుకుని బండి
పెళ్ళికొడుకుల్ని మోసింది,
ఎన్నికల మైకుల్ని మోసింది,
ఒక ఎండాకాలం, సిగ్గుపడకుండా,
గోగునార కట్టలు మోసింది.
పెట్రోలు మండిన ఏడు
ఎనిమిది సిలిండర్ల దాహం తీర్చలేక
ఇంజను దించి అమ్మేశారు.
వంశధార గట్టున ఎవరి చెరుకుకో నీళ్ళు తోడుతోందని
కూర్మయ్య వెళ్ళి చూసొచ్చాడు.
"గొంతు అదే" అన్నాడు.
ఆ తర్వాత ఆ దారిన పోలేదు.

మొన్న హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు,
పాతబళ్ళు పోగుచేసే మనిషి.
తుప్పుమేకులు విప్పడానికి నన్ను పిలిచారు
షావుకారు మనవలు.
వెనక సీటు నిండా ఉల్లిపాయలు ఆరబోసి ఉన్నాయి.
అవి ఎత్తుతుంటే ఆయన కబుర్లు చెప్పాడు:
ఈ పేరు చచ్చి అరవై ఏళ్ళు దాటిందట.
కాడిలాక్, లింకన్ ఇంకా బతికే ఉన్నాయట,
చేపరెక్కలు కోయించుకుని, పొట్ట తగ్గించుకుని
జర్మనీ బళ్ళలా నడవడం నేర్చుకుంటున్నాయట.
ఒకప్పుడు వాటిలా నడవాలని
లోకమంతా చూసేదట.

భూతద్దం తీసి ముక్కు దగ్గర వంగాడు.
"బండి అసలుది. పక్షి నకిలీ."
ఆయనే విప్పి నా చేతిలో పెట్టాడు.
అసలు పక్షి ఎక్కడో వేలంలో ఉందట,
దాని ధర వింటే
మా వీధిలో కొలుములన్నీ ఒక ఏడాది ఆర్పేసుకోవచ్చు.

నేనేమీ అనలేదు.
లారీ ఎక్కించే ముందు మాత్రం
ఒక్కసారి తలుపు వెయ్యనిమ్మన్నాను.
కీలు మూలిగింది. తుప్పు రాలింది.
చివర్న, మూత దిగినట్టు,
అదే మాట.

బోసిముక్కుతో బండి రోడ్డెక్కింది.
ఎండకి పక్షి
నా చేతిలో కాలుతోంది.