సెకనుకు యాభై సార్లు

మురకంబట్టు మేడమీది గదిలో
బెల్లం మండీ చెంగల్రాయ మొదలారి
రెండు సీజన్ల లాభాన్ని బల్లమీద పరిచి కూర్చున్నాడు.
వాల్వులు వెలిగే ఆంప్లిఫయరు, పొగ లేని కొలిమి.
దాని పక్కన పలకంత డాక్.
పాట అక్కడికి అంకెలుగా వచ్చి
అక్కణ్ణించి అలగా బయల్దేరాలి.
ఆ మలుపు దగ్గర నేను, స్క్రూడ్రైవరు నోట్లో కరుచుకుని.

"రవంత గుయ్యిమంటా ఉందబ్బా" అన్నాడు.
"పాటలో కాదు. పాట లేనప్పుడు."

పాట లేనప్పుడు కూడా వినేవాడికి పని చెయ్యడం కష్టం.
కష్టమే గానీ, బాగుంటుంది.

స్పీకరుకు చెవి ఆనించాను.
సెకనుకు యాభై సార్లు.
కరెంటాఫీసుకు వచ్చిన ఒకే ఒక్క రాగం.
కంప్యూటరుకొక ఎర్తు, ఆంప్లిఫయరుకొక ఎర్తు,
గట్టు తగువులో దాయాదుల్లా
రాగితీగ పట్టుకుని ఒకరి హద్దులోకి ఒకరు నడుస్తున్నారు.

వైరు మార్చాను. వెండిపూతది, దూడ తోకంత లావు, వెల అడగొద్దు.
పోలేదు.
పెరట్లో ఎర్తు గుంతకు రెండు బిందెల నీళ్లు పోయించాను,
నాయన నేర్పిన వైద్యం. సగం తగ్గింది.
చివరికి యూఎస్‌బీ పీకేసి
మూడు వందల యాభై రూపాయల వెలుతురు తీగ తగిలించాను.
దీంట్లో రాగి లేదు.
కొస పట్టి చూస్తే ఎర్రటి చుక్క,
చీకట్లో బీడీ కొనలాగా.
కరెంటు చెప్పులు బయటే విడిచి
అంకెలు మాత్రం లోపలికి పోతాయి.

ఇప్పుడు ఏమీ లేదు.
మొదలారి ఏసీ ఆపించాడు,
గోడ గడియారాన్ని వరండాలో పెట్టించాడు.

ఇంతా చేసి ఆయన వినాలనుకున్నది
ఎనభై ఎనిమిదిలో ఐరాల భారతం,
క్యాసెట్టులోంచి ఎక్కించిన ఫైలు.
అందులో ఆయన నకులుడు.
తెల్లవార్లూ ఆడిన ఆటలో నకులుడికి ఒకటే పద్యం.

హార్మోనియం. ఎవరో పిల్లోడి దగ్గు.
పందొమ్మిదేళ్ల గొంతు పద్యం ఎత్తుకుంది,
శ్రుతికి కాస్త పైన, భయంతో.
దాని అడుగున, మళ్లీ, గుయ్యి.

"పోలేదే?" మొహం వాడిపోయింది.

కళ్లు మూసుకున్నాను.
ఇది యాభై కాదు. నలభై ఏడు, ఎనిమిది,
చెరుకుబండి ఎత్తెక్కుతున్నట్టు ఊగుతోంది.
ఈ ఇంటిది కాదు.
మా నాయన మైక్‌సెట్టు జనరేటరు అట్లే ఈడ్చేది.
ఆ ఏడు ఐరాలకు పోయినాడో లేదో అమ్మకూ గుర్తులేదు.
అప్పట్లో జనరేటర్లన్నీ అట్లే ఈడ్చేవేమో.

"క్యాసెట్టులోనే ఉందయ్యా. ఆ పొద్దు పందిట్లో ఉన్నిందే."
"తియ్యలేవా?"

ఫిల్టరు పెడితే రెండు నిమిషాల పని.

"లేదు" అన్నాను.

నేను వైర్లు చుట్టుకుంటుంటే
ఆయన పద్యాన్ని మళ్లీ మొదటికి తిప్పాడు.
దిగబోతూ మెట్లమీద కాసేపు నిలబడ్డాను,
పద్యం కోసం కాదు.