కమ్మచ్చులో ఆఖరి బెజ్జం

క్లిక్‌మని వినబడాలె.
వినబడేదాక బొటనవేలు లేవొద్దు,
ఊపిరి గూడ సగమే తియ్యాలె అని
హైదరాబాదు నుంచొచ్చిన కంపెనీ పిల్లగాడు
మందు లేని ఉత్త పరికరం పట్టుకొని చెప్పిండు మాకు.

నేర్చుకోనీకి కండ్లు కావాలె కద.
పొద్దుగాల్నే ప్రకాశం బజార్ల
మా నాయన కొట్టుకాడ నిలబడ్డ.
"కండ్లు లేని తలకాయ ఎవరు కొంటరే" అని గునుసుకుంటనే
ఆరు మేక కండ్లు ఐసుల పెట్టి
నా అన్నం డబ్బ పైగిన్నెల సర్దిండు.
రామగిరి దాక ఆటోల
ఒళ్లో డబ్బ,
మూత కింద నుంచి ఎవరో చూస్తున్నట్టె ఉండె.

మొదటిది జారింది.
రెండోదాంట్ల పుల్ల సగం లోపట, సగం బయట.
ఐదోదానికి డాక్టరమ్మకు చెయ్యి కుదిరింది.
నాకు అందించుడు కుదిరింది:
ముల్లు ఎటు, మీట ఎటు,
ఆమె అరచెయ్యి తెరిచే లోపల్నే.

గురువారం బల్ల మీద
దేవరకొండ కాసోజు సోమాచారి.
అరవై రెండేండ్లు, అండ్ల ఇరవై షుగరుతోటి,
నలభై ఐదు కుంపటి ముందట.
ఎడమ కంట్ల నీరు చేరి
సన్నతీగె వంకర పోయి కనబడుతదట.
వంకర తీగెదో, చేతిదో, కంటిదో తెల్వక
నిరుడు మూడు పుస్తెలు పాడుచేసిండట.

"ఏం పెడుతున్నరు బిడ్డా నా కంట్ల?"
మందు పుల్ల, పెద్దనాయనా.
ఆరు మిల్లీమీటర్ల పొడుగు,
అర మిల్లీమీటరు గూడ లేని లావు.
పెదవులు కదిలించుకుంట లెక్క కట్టిండు.
"అంటె కమ్మచ్చుల ఆఖరి బెజ్జంలకెల్లి గుంజిన తీగె.
దాన్ని దేంతోటి పడుతరు? శ్రావణంతోటి పడితె నలుగుతది."
పట్టం. ముల్లు కడుపులనే ఉంటది.
"మంచిగ చేసిండు" అన్నడు,
ముఖం తెల్వని తోటి పనోడి గురించి.

చుక్కల మందు. అయోడిన్. రెప్పలకు క్లిప్పు.
నల్లగుడ్డు అంచు నుంచి నాలుగు మిల్లీమీటర్లు
కొలిచే కంపాసు అందిచ్చిన.
తాళం పట్టీ గుంజి పరికరం అందిచ్చిన.
ముల్లు వాలు పైకి.
పైపొర కొంచెం పక్కకు జరిపింది డాక్టరమ్మ,
రెండు వాకిండ్లు ఎదురెదురు పడకుండ.
ఊదుగొట్టం కరుచుకున్నట్టు
ఆయన బుగ్గలు బిగుసుకున్నయి.

క్లిక్.

"పడ్డది" అన్నడు, మాకంటె ముందే.

ఖాళీ పరికరం తెల్లడబ్బల వేస్తుంటె చప్పుడు విన్నడు.
"పారేసినవా?"
ఒక్కసారికే పెద్దనాయనా, మళ్ల వాడొద్దు.
"గంత పనితనం, ఒక్కసారికేనా!
మేము కొట్ల ఊడ్చిన కసువు సుత పారెయ్యం.
ఏడాదికోపాలి కడిగెటోల్లొచ్చి కొనుక్కపోతరు."
నాకు జవాబు తోచలె.
ఆ డబ్బ నిండితె లారీ వస్తది.
ఎక్కడికి పోతదో నేనెన్నడు అడగలె.

"లోపటి పుల్లనన్న ఉంటదా?"
కరుగుతది. నాలుగైదు నెలలకు ఏం మిగలది.
కట్టు కింద నవ్విండో ఏమో, గడ్డం కదిలింది.
"నా చేతి సొమ్ములు గూడ చానవరకు కరిగినయే.
బోర్ల కోసం కరిగిచ్చిండ్రు. నీళ్లు పడలె.
ఇదన్న అక్కరకొచ్చి కరుగుతది."

ఏడు వారాలకు మళ్లొచ్చిండు.
చార్టు మీద రెండు వరుసలు ఎక్కువ చదివిండు.
గళ్ల కాగితం చూపిస్తె
కింది మూల ఇంక వంకరనే ఉందన్నడు,
మా మనసు కోసం అబద్ధమాడలె.

నేను మాస్కు దించి నీళ్లు తాగుతున్న.
గ్లాసు దించేదాక ఆగి, నా మొఖం దిక్కు
తల కొంచెం వంచి చూసిండు.
"నీ ముక్కుపుల్ల మర తప్పింది బిడ్డా.
ఎవడు బిగిచ్చిండో గాని
ఒక్క చుట్టు ఎక్కువ తిప్పిండు."