నీడకు రెండింతలు

పడవల రేడార్లు విప్పి బిగించిన చేతులివి.
యాభై రెండో ఏట మౌసు పడితే
పచ్చి చేపలా జారింది.

నేర్పేది ఉన్నుర్. ఇరవై ఆరేళ్ళ పిల్ల.
మా పాత భాషలో ఆ పేరుకు అల అని అర్థం.
"ముందు నున్నటి గోళం చేద్దాం, స్టేన్‌వర్.
దాని జవాబు నూరేళ్ళ కిందటే ఎవరో తేల్చి పెట్టారు.
మనం తప్పితే వెంటనే తెలుస్తుంది."

గోళాన్ని చుక్కలుగా కోశాం, వల ముడుల్లా వరసగా.
వెలుగు వస్తుంది. ప్రతి చుక్కా వణుకుతుంది.
వణికి, తనూ ఒక చిన్న అల అవుతుంది.
దాన్ని మిగతావన్నీ విని మళ్ళీ వణుకుతాయి.
రేవులో కాఫీ కొట్టు దగ్గర పుకారు ఇలాగే తిరుగుతుంది,
అందరూ అందరి మాటా విని
ఇక చెప్పుకోడానికేం మిగలనంత వరకు.
అప్పటిదాకా యంత్రం లెక్క వేస్తూనే ఉంటుంది.

మొదటి వారం
మైక్రాన్లు రాయాల్సిన చోట మీటర్లు రాశాను.
కంటికి ఆనని రవ్వ ట్రాక్టరంత అయింది.
జ్ఞాపకం చాలదు,
అని ఒక్క ముక్క అని యంత్రం పడుకుంది.

నాకూ చాలదు.
మా దీవిలో నేల చీలిన రాత్రి
నా వయసు పదకొండు రోజులు.
చేపల పడవలో, తడి తాళ్ళ మధ్య నిద్రపోయానట.
తిరిగొచ్చాక అటక మీంచి ఊడ్చిన బూడిద
ఒక బిస్కెట్ డబ్బాలో ఉంది. నాకు తెలిసింది ఆ డబ్బానే.

సూక్ష్మదర్శిని కింద అది బూడిదలాగే లేదు.
గాజు. బుడగలు పగిలిన గుంటలు,
కత్తి అంచులు.
గోళం నేర్పిందంతా ఇక్కడ చెల్లలేదు.
లోపం పదో వంతుకు దిగేది, నూరో వంతుకు,
అక్కడ మొండికేసి మళ్ళీ పైకెక్కేది.
మూడు రాత్రులు.
నాలుగో రాత్రి కనిపెట్టింది ఉన్నురే:
ఈ రాయి కొంత వెలుగును మింగుతుంది.
ఆ అంకె దగ్గర నేను సున్నా పెట్టాను.

అప్పుడు వచ్చింది జవాబు. రెండు, పైన కొంచెం.
అంటే రవ్వ తన నీడ కన్నా
రెండింతల వెలుగును దారిలోంచి తప్పిస్తోంది.
మళ్ళీ ఎక్కడో చెడగొట్టానని తల పట్టుకున్నాను.

ఉన్నుర్ కుర్చీ వెనక్కి వాల్చి నవ్వింది.
"ఇది తప్పు కాదు.
ఒక వంతు వెలుగు దానికి తగిలి పోతుంది.
ఇంకో వంతు దాన్ని తాకదు,
అంచు పక్క నుంచి పోతూ కాస్తంత వంగుతుంది.
తిన్నగా చూసేవాడికి
అదీ రానట్టే."

కిటికీ బయట రెక్యావిక్ వాన, అడ్డంగా.
విమానాలు ఎగరొచ్చా అని
రేపెవరో ఈ అంకెల్ని అడుగుతారు.
నేను మాత్రం పడవలో ఆ పదకొండు రోజుల దాన్ని తలుచుకున్నాను,
ఏదీ తగలకుండా
పక్క నుంచి పోయినదాన్ని.

"డబ్బాలో ఇంకెన్ని రవ్వలున్నాయి?" అంది.
లెక్కపెట్టలేదన్నాను.
రెండో రవ్వను పట్టకారుతో ఎత్తబోతే
నా ఊపిరికే ఎగిరిపోయింది.