ఇంకా ఎన్నాళ్లుంటావు

బరంపురంలో ఫిబ్రవరి చివరి మధ్యాహ్నం.
జంతుశాస్త్రం వాళ్ల మెట్ల కింద గది
ఫార్మలిన్ వాసన పోకుండానే పోలింగ్ బూతయింది.
బ్యాలెట్ పెట్టె అంటే మిఠాయి అట్టపెట్టె,
మూతకి బ్లేడుతో నేనే కోసిన చీలిక.
అంచున ఇంకా పాకం ఉంది కాబోలు,
అందరికన్నా ముందు చీమలు వరసకట్టాయి.

నన్ను ఎన్నికల అధికారిని చేసింది
నిష్పక్షపాతం చూసి కాదు, ఏడో ఏడు చూసి.
"నువ్వెటూ ఖాళీయే కదక్కా" అన్నాడు ప్రద్యోత్ పొలై.
ఆ మాటలో విషం లేదు. అందుకే గుచ్చుకుంది.

జాబితాలో నలభై ఒక్క పేర్లు.
పేర్లు ఒడియాలో అచ్చేశారు, పక్కన ఇంగ్లీషు.
ఆ కింద పెన్సిలుతో తెలుగులో నేను రాసుకున్నాను.
అమ్మ మగ్గం దగ్గర కూర్చుని
సినిమా పోస్టర్లు చదివి నేర్చుకున్న తెలుగు,
గుణింతాలు కొంచెం అటూ ఇటూ.

నిన్న రాత్రి హాస్టల్ మెస్సులో
అభ్యర్థులిద్దరినీ నిలబెట్టి అడిగారు.
ఏడు నెలల ఫెలోషిప్ గురించి,
ఆడపిల్లల గేటుకి తొమ్మిదింటికే పడే తాళం గురించి,
సంతకం కోసం గైడుగారింటి గ్యాస్ సిలిండర్
మోసుకెళ్లిన వాడి గురించి (వాడు తల దించుకున్నాడు).
చివర్న ఎవరో: "సబ్మిషన్ ఎప్పుడు?"

"మే నెలలో" అన్నాడు ప్రద్యోత్, నిటారుగా.
ఎవరూ మాట్లాడలేదు.
వెళ్లిపోయేవాడికి తాళంచెవి ఎలా ఇస్తాం?

ఎస్తేరు రైకా సెరంగో కొండల పిల్ల,
చిరుధాన్యాల విత్తనాలు అగ్గిపెట్టెల్లో దాచుకుంటుంది.
"నాకింకా రెండేళ్లు పడుతుంది" అంది
తప్పు ఒప్పుకుంటున్నట్టు.
మెస్సంతా చప్పట్లు!
ఇంట్లో చెబితే ఏడుపులు లేచే మాటకి.

ఈరోజు పదకొండున్నరకి
డీన్ గారు అటుగా నడిచొచ్చారు, నవ్వుతూనే.
వరసలోంచి ముగ్గురికి ఒకేసారి దాహం వేసింది.
ఆయన మలుపు తిరిగాక దాహం తీరింది.

నాలుగుకి ఐదు నిమిషాలుందనగా
సూరాడ దండాసి పరిగెత్తుకొచ్చాడు,
మోకాళ్ల దాకా తడి ఇసుక.
"తలుపు మూసీకక్కా! తాబేళ్లు వచ్చీసినాయి,
రాత్రంతా రుషికుల్య ఒడ్డున లెక్కెట్టినాను,
నాలుగు వేలు దాటాక లెక్క తప్పీసింది."
ఓటేశాడు. కాగితంతో పాటు
కాస్త సముద్రం కూడా పెట్టెలో పడింది.

రాని వాడు ఒక్కడే.
గైడుగారి అమ్మాయి పెళ్లిలో వడ్డిస్తున్నాడట.

ఒడియాలో పిలిచారు, నేను తెలుగులో గీతలు పెట్టాను.
పందొమ్మిది.
పందొమ్మిది.
చెల్లనిది ఒకటి. దాని మీద ఎవరో
"డబ్బులెప్పుడు?" అని రాశారు.
అన్నిట్లోకీ స్పష్టమైన చేతిరాత అదే.

సమానమైతే అధికారి ఓటు, అంది నియమావళి.
రహస్య ఓటంటారు గానీ
ఆఖరి ఓటుకి రహస్యమేముంటుంది?
పెన్ను పట్టుకుంటే పాపపు ఆలోచన వచ్చింది:
వీడికి పదవి తగిలించి ఆపేస్తే?
మే నెలలో ఎలా పోతాడో చూద్దాం.
చీమొకటి కాగితం దాటేదాకా ఆగాను.
తర్వాత ఎస్తేరుకి వేశాను.

చప్పట్లు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ
అప్పుడే తాళం సంగతి లిస్టు రాస్తోంది.

మెట్ల మీద ప్రద్యోత్ నా పక్కన కూర్చున్నాడు.
కోపమేమో అనుకున్నాను.
చాలాసేపు చెప్పు తీసి వేసి, తీసి వేసి,
"మే అని ఊరికే అన్నానక్కా" అన్నాడు.
"మూడో అధ్యాయం ఆయన బల్ల మీదుంది.
పోయిన దసరా నుంచీ.
దాని మీద టీ గ్లాసు పెడుతున్నారు."

నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది.
దండాసి మూడు టీలు చెప్పాడు,
అరువు మీద.