ఎడమ చేతి ఎక్స్‌రే

బ్రాడీపేట నాలుగో లైన్లో
పెద్ద కవరు చంకలో పెట్టుకుని నిలబడ్డాను.
లోపల మా కెజియా ఎడమ చెయ్యి.
ఎనిమిదేళ్ల నాలుగు నెలల చెయ్యి.

"ఎముకల వయసు పదకొండు" అంది డాక్టరమ్మ.
వేళ్ల కణుపుల దగ్గర పెన్ను కొస ఆనించి
"ఈ నల్లటి సందులు చూశారా,
పిల్లలు పొడుగయ్యేది ఇక్కడే.
ఇవి తొందరగా మూసుకుంటున్నాయి."

నేను మిర్చియార్డులో గుమాస్తాని.
తేమ తెలుసు, తరుగు తెలుసు.
కాయని చెవి దగ్గర ఆడించి
ఎన్ని ఎండలు తిన్నదో చెప్పగలను.
ఈ మూడేళ్ల తేడా మాత్రం
ఏ ఖాతాలో రాయాలో తెలియలేదు.

బడిలో ప్రార్థన వరసకి చిట్టచివర నిలబెడితే
అందరికంటే నేనే ఎక్కువ మురిశాను.
తలుపు చెక్క మీద పెన్సిలు గీతలు
ఒకదాన్నొకటి తరుముకుంటూ పైకి పోతుంటే
పండగలా చూశాను.

నెల కిందట, మధ్యాహ్నం, బడి నుంచి ఫోను.
టీచరు చున్నీ నడుముకి చుట్టుకుని
బెంచీ చివర కూర్చుంది.
"నాన్నా, నేనెక్కడా పడలేదు" అంది.
ఒట్టేసి మరీ అంది.

ఆదివారం కోడికూర, అంది రాహేలత్త.
పాకెట్ పాలు, అంది పక్కింటావిడ.
ఫోన్లు, అన్నాడు మా బావ
తన ఫోన్లోంచి తలెత్తకుండా.
నేను ఆదివారాలన్నీ వెనక్కి లెక్కపెట్టాను.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.
"చాలామంది ఆడపిల్లల్లో కారణం దొరకదు.
ఎవరి తప్పూ కాదు.
పాపకి ముందు ఆ మాట చెప్పండి."

అమ్మ అప్పటికే షామియానా వాడితో బేరమాడుతోంది.
ఫ్లెక్సీకి ఫొటో ఏదని అడిగింది.
సునీల ఒక్కటే అంది:
"దాని పాలపన్ను ఇంకా ఊగుతోందత్తా."
అమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని
చాలాసేపు గది మూలకేసి చూసింది.
తనని ఒకప్పుడు కూర్చోబెట్టిన మూల
ఈ ఇంట్లో లేదు. అయినా చూసింది.

నెలకో సూది వేస్తారట.
ఈ పరుగుని కొన్నాళ్లు ఆపి ఉంచుతుందట.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలాగా, అనుకున్నాను.
అనుకున్నాక
కారం చేత్తో కన్ను నులుముకున్నట్టయింది.
సరుకు కాదురా అది, నీ కూతురు.

బయటికొచ్చాక కవరు లాక్కుంది.
ఎక్స్‌రేని ఎండకెత్తి పట్టుకుని
తన చెయ్యి దాని పక్కన పెట్టి
అటూ ఇటూ తిప్పి చూసుకుంది.
"నాన్నా, నా వాచీ పడలేదేం ఇందులో?"

మణికట్టు మీద
నీలం స్కెచ్ పెన్నుతో గీసుకున్న వాచీ.
పొద్దుట్నుంచీ నాలుగూ పది.

బండి తాళం చేతిలోనే ఉంది.
ఆ టైము ప్రకారం
ఇంకాసేపు అక్కడే నిలబడ్డాం.