మచ్చ తీసిన చోట

మొక్పో రేవులో, ఎండు చేపల వీధి చివర
మెట్లెక్కితే నా స్టూడియో.
పాస్‌పోర్టుకీ, ఉద్యోగానికీ, పెళ్ళికీ,
చావుకీ ఇక్కడే ఫొటోలు.
తీయడం నిమిషం పని,
దిద్దడానికే గంట.
పద్దెనిమిదేళ్ళుగా దిద్దుతున్నాను.

ఒకప్పుడు వచ్చిన పిల్లలు
ఎవరో సినిమా తార బొమ్మ చూపించి
సిగ్గుపడేవాళ్ళు.
హారిమ్ తన ఫోను చూపించింది.
"ఇలా రావాలి."
"ఎవరమ్మా ఈ అమ్మాయి?"
"నేనే."

ఆ ఒక్క మాటని
అంత బెరుగ్గా పలకడం నేనెప్పుడూ వినలేదు.

ఫోనులో ఆమె గడ్డం గుమ్మడిగింజ మొన.
కళ్ళు బుగ్గల దాకా పరుచుకున్నాయి.
ముక్కు ఉందంటే ఉంది.
ఆ ముఖాన్ని నాలుగు వేల మంది మెచ్చుకున్నారట.
ఈ ముఖాన్ని చూసేది మాత్రం
ఇంట్లో అమ్మమ్మ ఒక్కతేనట.
"అమ్మమ్మ లెక్కలోకి రాదు" అంది.

దవడని చెరో పక్క అరవేలు లోపలికి నెట్టాను.
ఎడమ కంటి కింద పుట్టుమచ్చ.
పక్కనున్న చర్మాన్ని కాస్త అరువు తెచ్చి
దాని మీద కప్పాను.
ఒక్క క్లిక్కు.
బల్ల మీది రైస్ కేకు ముందుకు జరిపి, తినమన్నాను.
అన్నం మానేసి మూడు నెలలంది.
మంచినీళ్ళు తాగింది, డబ్బిచ్చింది,
మెట్లు దిగేటప్పుడు
రెండు చేతులతో రెయిలింగు పట్టుకుంది.

ఆకులు రాలే నెలలో మల్సూన్ వచ్చింది.
ఆక్టోపస్‌లు అమ్మే ముసలావిడ.
ఎంత కడిగినా చేతులకి ఉప్పు వాసన.
"పోయాక పూల మధ్య పెట్టే ఫొటో కావాలి.
ఓపికున్నప్పుడే తీయించుకుంటే
నవ్వు ముఖం వస్తుంది."
ఎరువు తెచ్చుకున్న పట్టు హన్‌బోక్.
లిప్‌స్టిక్ కొంచెం పళ్ళకంటింది.

తెర మీద ముఖం పెద్దది చేశాను.
ఎడమ కంటి కింద
అచ్చుగుద్దినట్టు, అదే మచ్చ.
అలవాటైన చెయ్యి అటే పోయింది.
ఆపాను.
"ఉంచనా?"

"తీసెయ్.
మా పిల్ల తీయించేసుకుందిగా.
రేపు పూలు పట్టుకొచ్చిన వాళ్ళు
దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి
ఈ ముసలిది దీనికేమవుతుంది అనుకోరూ?"

ఒక్క క్లిక్కు పని
ఆ రోజు తెమల్లేదు.
ముడతల మధ్య
అరువివ్వగలిగిన నున్నటి చోటే లేదు.
నుదుటి నుంచి తెచ్చాను, అతకలేదు.
మెడ దగ్గర్నుంచి తెచ్చాను, రంగు కలవలేదు.
చివరికి ఎక్కడెక్కడివో ముక్కలు కలిపి
ఎలాగో మూసేశాను.

తీసింది ఒకటి, తీయనిది ఒకటి,
రెండూ ప్రింటు వేసి ముందు పెట్టాను.
ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని చూసింది.
తీసినదాన్ని చట్రంలో బిగించమంది.
రెండోదాన్ని సంచిలో
వెల్లుల్లిపాయల పక్కన దోపుకుంది.

"అది దేనికి?"

"బియ్యం డబ్బా అడుగున పెడతా.
ఎప్పుడో ఒకనాడు ఆకలేసి
చెయ్యి పెడుతుంది కదా."